ఆంక్షలున్న దేశంలో ఉంటే మన ప్రొఫెషనల్ సభ్యత్వంలో ఏం మిగులుతుంది?

వంతెన (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను సివిల్ ఇంజనీర్‌ని. అమెరికాలో హెడ్డాఫీసు ఉన్న ఒక ఇంజనీర్ల సంఘంలో తొమ్మిదేళ్లుగా సభ్యుణ్ణి. సంఘం పేరు చెప్పను, వాళ్లతో గొడవ పెట్టుకోవాలని లేదు. కంపెనీ పని మీద ఇరాన్ వచ్చాను. వచ్చిన రెండు వారాలకు సభ్యుల పేజీలో చిరునామా మార్చాను. పత్రిక కొత్త అడ్రసుకు రావాలన్నదే నా ఉద్దేశం.

మూడో రోజు లాగిన్ అయితే పేరుంది, సభ్యత్వ నంబరుంది, పక్కన పచ్చటి అక్షరాల్లో 'యాక్టివ్' అనీ ఉంది. దాని కింద జర్నల్ లైబ్రరీ, వెబినార్లు, ఉద్యోగాల పేజీ, మెంటార్ పథకం అన్నీ బూడిద రంగులోకి మారిపోయాయి. ఏది నొక్కినా ఒకటే మాట: 'ఈ సేవ మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.' ఎందుకు లేదో, ఎప్పటిదాకా లేదో ఒక్క ముక్క లేదు. అంతకు నెల ముందే ఏడాది ఫీజు మొత్తం కట్టాను.

నా అసలు టెన్షన్ జర్నల్స్ కాదు. నా సర్టిఫికేషన్ నిలవాలంటే మూడేళ్లకోసారి ఇన్ని గంటల శిక్షణ పొందానని చూపించాలి. ఇంకా 18 గంటలు మిగిలాయి, గడువు ఐదు నెలలు. నేను గంటలు సంపాదించేది ఆ వెబినార్లతోనే. అవే మూసేశారు.

ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా? చట్టం నిజంగా ఇదంతా ఆపమంటుందా, లేక సంఘమే భయపడి ఆపేసిందా?

నిబంధన

వంతెన గారూ, నేను ఎగుమతుల నిబంధనల విభాగంలో పనిచేస్తాను. మీ చివరి ప్రశ్నకు నా జవాబు: రెండూ ఉన్నాయి. ఏది ఎంత అన్నది తేల్చుకోవాలి.

ముందు ఒక సంగతి. ఆంక్షలన్నీ ఒక రకం కావు. కొన్ని దేశం మొత్తానికి వర్తిస్తాయి. ఇరాన్, క్యూబా, ఉత్తర కొరియాల మీద అమెరికా పెట్టినవి అలాంటివి. ఉక్రెయిన్‌లో రష్యా ఆక్రమించిన క్రిమియా, దొనెత్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల మీదా దాదాపు ఇలాగే ఉన్నాయి. ఇంకొన్ని పేర్ల జాబితాలు: ఫలానా మనిషి, ఫలానా బ్యాంకు, ఫలానా కంపెనీ. రష్యా మీద ఉన్నవి ఎక్కువగా ఈ రకం. అందుకే రష్యాలో ఉన్న మామూలు ఇంజనీరుకు సభ్యత్వం ఇవ్వడం దానంతటదే నేరం కాదు. ఇరాన్‌లో ఉన్న మీకు అలా కాదు. అమెరికా సంస్థ ఇరాన్‌కు ఏ 'సేవ' అందించాలన్నా దానికి మినహాయింపో లైసెన్సో ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరపడతారు. చూసేది పాస్‌పోర్టును కాదు, మనిషి ఎక్కడ ఉన్నాడు, సేవ ఎక్కడ అందుతోంది అన్నదాన్ని. ఇరాన్ పౌరుడు జర్మనీలో స్థిరపడి ఉంటే సాధారణంగా ఈ అడ్డు ఉండదు. మీరు ఇరానీ కాకపోయినా అక్కడ కాపురం ఉంటున్నారు కాబట్టి అడ్డు వచ్చింది. మీరు చిరునామా మార్చిన రోజునే వాళ్ల సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని ఇంకో గదిలో వేసింది.

తీగలు

నేను ఎలక్ట్రికల్ వాణ్ణి, రిటైరయ్యాను. వంతెన బాబూ, ఈ కథ నాకు ఇరవై ఏళ్ల కిందటే తెలుసు.

2002 జనవరిలో మా ఐట్రిపుల్ఈ (అమెరికాలో హెడ్డాఫీసు ఉన్న ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంఘం) ఇదే పని చేసింది. ఇరాన్‌తో పాటు ఆంక్షలున్న మరికొన్ని దేశాల్లోని సభ్యులకు సభ్యత్వం ఉంచి, అచ్చు పత్రికలు పంపి, ఆన్‌లైన్ సేవలూ సంఘం ఇచ్చే ఈమెయిల్ చిరునామా లాంటివీ తీసేసింది. రాత్రికి రాత్రి మూతపడిన ఈమెయిల్ అంటే చిన్న సంగతి కాదు. అప్పట్లో ఒక పరిశోధకుడికి ప్రపంచంలో ఉన్న చిరునామా అదే. తన పేపర్ల మీద అచ్చయిన చిరునామా అది.

అక్కడితో ఆగలేదు. ఇరాన్ నుంచి వచ్చిన పేపర్లో వ్యాకరణం సరిదిద్దడం కూడా 'సేవ' కిందికి వస్తుందా అన్న ప్రశ్న లేచింది. 2003 సెప్టెంబరులో అమెరికా ట్రెజరీ శాఖలో ఆంక్షల అమలు చూసే ఓఫాక్ అనే విభాగం అవును, వస్తుంది, లైసెన్సు కావాలి అంది. ఒక పేరాను అటూ ఇటూ మార్చినా, ఒక వాక్యాన్ని చక్కదిద్దినా నిషిద్ధ సేవ! సంఘం వాళ్లతో మాట్లాడుతూనే ఉంది. 2004 ఏప్రిల్ 2న అదే విభాగం ఉత్తరం రాసి, పీర్ రివ్యూకీ (అచ్చుకు ముందు తోటి నిపుణులు పేపర్ పరిశీలించడానికి) ఎడిటింగుకీ లైసెన్సు అక్కర్లేదని ఒప్పుకుంది.

ఆ రెండేళ్లలో ఎందరో ఇరానీ ఇంజనీర్ల మనసు విరిగిపోయింది. వాళ్లలో కొందరు నాతో కమిటీల్లో పనిచేసినవాళ్లు. 'మా ఫీజు కావాలి, మేము అక్కర్లేదా' అని ఒకాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. సంఘం చట్టానికి లోబడాలి, కాదనను. కానీ సభ్యులకు ముందు చెప్పి చేయాలి. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అక్కడే.

కొత్తబ్యాచ్

ఇంత తలనొప్పి ఎందుకు సార్? వీపీఎన్ పెట్టుకుని పాత అడ్రస్ మళ్లీ ఎక్కించండి. రేపు పొద్దున్నకల్లా అన్నీ తెరుచుకుంటాయి.

నిబంధన

కొత్తబ్యాచ్ గారూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. మంచి మనసుతోనే చెప్పారని తెలుసు. ఉన్న చోటు గురించి అబద్ధం చెప్పి సేవ తీసుకుంటే, ఇప్పుడు 'అందుబాటులో లేదు' అంటున్న సంఘం రేపు 'నిబంధన ఉల్లంఘించారు' అంటుంది. మొదటిది దేశం మారగానే పోతుంది. రెండోది మనిషి రికార్డులో ఉండిపోతుంది. సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకు నైతిక నియమావళి కూడా ఉంటుంది, దాని కింద విచారణ రావచ్చు. పైగా సంఘాన్ని కూడా చిక్కుల్లో పడేసినట్టే. ఈ చట్టంలో సివిల్ జరిమానాకు 'నాకు తెలియదు' అన్న మాట చెల్లదు.

కొత్తబ్యాచ్

అర్థమైంది. అంత దూరం ఆలోచించలేదు. వెనక్కి తీసుకుంటున్నాను.

రసాయనం

నాది పరిశోధన. తీగలు గారు చెప్పినదానికి మా వైపు నుంచి ఇంకొకటి. 2003 నవంబరులో అమెరికన్ కెమికల్ సొసైటీ ఐదు దేశాల నుంచి వచ్చే పేపర్ల ప్రచురణే ఆపేసింది: ఇరాన్, ఇరాక్, క్యూబా, లిబియా, సూడాన్. మర్నాటి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెట్టింది. ఓఫాక్ ఏప్రిల్ ఉత్తరం కోసం ఆగలేదు. చట్టం మారకముందే మారింది సంఘం ధైర్యం.

వంతెన గారికి పనికొచ్చే విషయం ఇందులోనే ఉందని నా నమ్మకం. అమెరికా చట్టంలో 1988 నుంచి ఒక మినహాయింపు ఉంది, హోవార్డ్ బెర్మన్ అనే కాంగ్రెస్ సభ్యుడు తెచ్చిన సవరణ. పుస్తకాలు, పత్రికలు, సినిమాలు లాంటి 'సమాచారం' ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆంక్షలతో ఆపకూడదని దాని సారం. 1994లో దాన్ని ఇంకా విస్తరించారు. ఓఫాక్ దానికి పెట్టుకున్న గీత ఏమిటంటే, ఆ సమాచారం అప్పటికే పూర్తిగా తయారై ఉండాలి. అచ్చయిన జర్నల్ తయారైన వస్తువు. మీ కోసం ప్రత్యేకంగా చేసిపెట్టేది సేవ.

ఈ గీత పట్టుకుని మీ బూడిద రంగు పేజీని మళ్లీ చూడండి. జర్నల్ లైబ్రరీలో ఉన్నది ఎప్పుడో అచ్చయిన వ్యాసాలు, దాన్ని మూయడానికి గట్టి కారణం కనిపించదు. మెంటార్ పథకం, మీ రెజ్యూమే చూసిపెట్టడం, లైవ్ వెబినార్‌లో మీ ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు, అవి కచ్చితంగా సేవలే. వాళ్లు ఇదీ అదీ విడదీసే ఓపిక లేక అన్నింటికీ ఒకే తాళం వేశారు.

ఇరాన్‌లోని ఒక సహ రచయిత్రితో నేను నాలుగేళ్లు పనిచేశాను. రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చిన ప్రతిసారీ ఆమె ముందు అడిగేది సైన్స్ గురించి కాదు, 'ఈసారి నా సంస్థ పేరు చూసి ఆపలేదు కదా?' అని. ప్రచురణల కోసం ఓఫాక్ తర్వాత ఇచ్చిన లైసెన్సు ఇరాన్ ప్రభుత్వ ఉద్యోగులు రాసినవాటికి వర్తించదు, కానీ విశ్వవిద్యాలయాలనూ పరిశోధన సంస్థలనూ ఆ 'ప్రభుత్వం' లెక్కలోంచి తీసేశారు. ఆ వాక్యాన్ని ప్రింట్ తీసి ఆమె తన బల్ల ముందు అంటించుకుంది. వీడియో కాల్‌లో ఆమె భుజం వెనక ఆ కాగితం నాకు కనబడేది.

పద్దులు

అందరూ చట్టం చెబుతున్నారు, నేను డబ్బు దారి చెబుతాను. నా అనుభవంలో సభ్యత్వం ముందు తెగేది అక్కడే.

2010లో ఇరాన్‌లో టోఫెల్ పరీక్ష రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. పరీక్ష పెట్టకూడదని ఎవరూ అనలేదు. ఆ జూన్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1929 నంబరు తీర్మానం చేశాక, పరీక్ష ఫీజును దాటించే బ్యాంకు దొరకలేదు. వేరే దారి చూసుకుని కొద్ది కాలానికే తిరిగి మొదలుపెట్టారు. 2012 మార్చిలో ఇరాన్ బ్యాంకులను స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు చెల్లింపు సందేశాలు పంపుకునే వ్యవస్థ) నుంచి తీసేశాక పరిస్థితి ఇంకా బిగుసుకుంది. రష్యా చూడండి: 2022 మార్చి 10 నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ పని ఆపేశాయి. సంఘం 'రండి, రెన్యువల్ చేసుకోండి' అన్నా అక్కడి కార్డు బయట గీకితే పడదు. సభ్యుడికి అర్హత ఉంది, సంఘానికి ఇష్టముంది, మధ్యలో తీగ తెగింది. గడువు దాటగానే కంప్యూటర్ మాత్రం 'లాప్స్‌డ్' అని రాసేస్తుంది. పదిహేనేళ్ల సీనియారిటీ సున్నా అవుతుంది.

అందుకే రెన్యువల్ తేదీకి కనీసం రెండు నెలల ముందే రాసి పెట్టుకోవాలి. ఫీజు కట్టలేకపోవడం, కట్టకపోవడం ఒకటి కాదని కాగితం మీద ఉండాలి.

ఇంకోటి వంతెన గారూ, కోపంలో రిఫండ్ అడగకండి. ఇరాన్‌లో ఉండగా మీకు డబ్బు తిరిగి పంపడం కూడా వాళ్లకు ఇంకో లావాదేవీయే. దాని మీద కొత్త ప్రశ్నలు లేస్తాయి. ఫీజును వచ్చే ఏడాదికి జమ వేయమని అడగండి, అది వాళ్ల పుస్తకాల్లోనే జరిగిపోతుంది.

సభ్యత్వడెస్క్

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నేను ఒక వృత్తి సంఘం సభ్యత్వ విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు అక్కడ లేను. తప్పు మాది కాదని చెప్పడానికి రాలేదు, లోపల ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ తట్టాలో మీకు తెలుస్తుందని రాస్తున్నాను.

పొద్దున్నే ఒక జాబితా తెర మీదికి వచ్చేది. కొత్తగా చేరినవాళ్లు, చిరునామా మార్చినవాళ్లు, రెన్యువల్ చేసినవాళ్లు. సాఫ్ట్‌వేర్ వాళ్ల పేర్లను ఆంక్షల జాబితాతో పోల్చి, కలిసినవాటిని ఎర్రగా చూపిస్తుంది. ప్రపంచంలో వేలమందికి ఉండే మామూలు పేర్లే ఎక్కువ ఎర్రబడతాయి. ఒక కుర్రాడి పేరు వరసగా మూడేళ్లు ఎర్రగానే వచ్చింది. ప్రతి ఏడాదీ అతను పుట్టిన తేదీ రుజువు పంపేవాడు, ప్రతి ఏడాదీ మేము తీసేసేవాళ్లం, మళ్లీ ఏడాది మామూలే. నాలుగో ఏడు అతను రెన్యువల్ చేయలేదు. ఉత్తరం కూడా రాయలేదు. ఆ పేరు నాకు ఇంకా గుర్తుంది.

దేశం విషయంలో ఇంకా మొరటుగా ఉంటుంది. చిరునామా బాక్సులో ఫలానా దేశం పడితే అన్ని బటన్లూ ఆఫ్. ఏ బటన్ ఉంచొచ్చు, ఏది తీయాలి అని విడివిడిగా చూడాలంటే లాయరు కూర్చోవాలి, ఆ దేశంలో మాకు ఉన్నదేమో పదిహేను మంది సభ్యులు. తప్పు చేస్తే భారీ జరిమానా, తెలిసి చేశారని రుజువైతే జైలు కూడా. పదిహేను మంది కోసం ఎవరు సాహసిస్తారు? అన్నీ ఆపేస్తే ఎవరూ అడగరు. ఒక్కటి పొరపాటున తెరిస్తే అందరూ అడుగుతారు. ఆ గదిలో నిర్ణయాలు అలా జరిగేవి.

కానీ సభ్యుడు చట్టంలోని లైన్ పట్టుకుని ఉత్తరం రాస్తే ఆ ఫైలు మా డెస్క్ దాటి పైకి వెళ్లేది. 'నా సేవలు ఎందుకు ఆపారు' అని రాస్తే రెడీగా ఉన్న జవాబు వెళ్తుంది. 'ఇదివరకే ప్రచురితమైన వ్యాసాలు సమాచారం మినహాయింపులోకి వస్తాయి కదా, నా జర్నల్ యాక్సెస్ ఏ నిబంధన కింద ఆపారు' అని రాస్తే రెడీ జవాబు పనికిరాదు. ఎవరో ఒకరు చదవాలి.

తీగలు

డెస్క్ గారూ, నిజం చెప్పినందుకు సంతోషం. అయినా ఒప్పుకోలేను. పదిహేను మందే కదా అని వదిలేస్తే అది సంఘం ఎలా అవుతుంది? 2004లో అమెరికా ప్రచురణకర్తలు, విశ్వవిద్యాలయ ముద్రణాలయాలు, రచయితల సంఘం కలిసి ఓఫాక్ మీదే కోర్టుకెళ్లారు. అంతకు ముందు ఏడాదే నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇరాన్ న్యాయవాది షిరిన్ ఎబాదీ తన ఆత్మకథను అమెరికాలో వేయించుకోలేని స్థితి. ఆవిడా కోర్టుకెళ్లింది. ఆ డిసెంబరులోనే ప్రచురణకు జనరల్ లైసెన్సు, అంటే ఎవరికి వారు దరఖాస్తు పెట్టనక్కర్లేని అనుమతి, వచ్చేసింది. అడిగితే తలుపు తీశారు. అడగాల్సింది సంఘమే. సభ్యుడు ఒంటరిగా ఎంతని రాస్తాడు?

నిబంధన

తీగలు గారితో ఏకీభవిస్తాను, ఒక చేర్పుతో. జనరల్ లైసెన్సు ఉందని తెలియక మూసేసినవి కూడా చాలా ఉన్నాయి. వృత్తి సర్టిఫికేట్ పరీక్షలు ఇరాన్‌లో నిర్వహించడానికి 2014 మార్చిలో వచ్చిన జనరల్ లైసెన్స్ జి వీలు కల్పించింది. క్యూబాలో వృత్తి సదస్సులకు వెళ్లడానికి 2015 జనవరి నుంచి విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేకుండా జనరల్ లైసెన్సు కిందికి తెచ్చారు. షరతులుంటాయి, ప్రభుత్వాలు మారినప్పుడు బిగిస్తారు, వదులుతారు. కాబట్టి పాత కాపీ చూసి వాదించకండి, ఆ రోజు అమల్లో ఉన్నది చూసి రాయండి.

ఆంక్షలు ఎత్తేసినా వెంటనే తెరుచుకోకపోవచ్చు. సూడాన్ మీద వాణిజ్య ఆంక్షలు 2017 అక్టోబరులో, సిరియా మీది ఆంక్షల కార్యక్రమం 2025 జూన్ 30న తీసేశారు. మీ సంఘం ఫారంలో దేశాల జాబితా ఎప్పుడు సరిచేశారో ఒకసారి అడిగి చూడండి.

రసాయనం

దేశం కాదు, పని చేసే కంపెనీ కారణంగా ఆగినవాళ్లూ ఉన్నారు. 2019 మేలో అమెరికా వాణిజ్య శాఖ చైనా టెలికాం కంపెనీ హువావేని తన ఎగుమతి ఆంక్షల జాబితాలో పెట్టాక, ఆ కంపెనీ ఉద్యోగులు పేపర్లు రివ్యూ చేయకూడదని, ఎడిటర్లుగా పేపర్లు చూడకూడదని ఐట్రిపుల్ఈ చెప్పింది. ప్రపంచమంతా గొడవైంది. వాణిజ్య శాఖ నుంచి వివరణ తీసుకుని జూన్ 2న ఎత్తేశారు. రివ్యూ చేయడమంటే మనం ఇచ్చే శ్రమ, మనం తీసుకునే ప్రయోజనం కాదు. ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా గుమ్మంలో ఆపారు. తీగలు గారూ, ఆ రోజుల్లో మీవాళ్ల సంగతేమిటి?

తీగలు

మా కమిటీలో ఒకాయన చేతిలో సగం చదివిన పేపర్ ఉంది. పక్కన పెట్టమన్నారు. ఎత్తేశాక మళ్లీ పంపితే, 'ఇంకెవరికైనా ఇవ్వండి' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తర్వాత ఆయన మాకు రివ్యూ చేయలేదు.

వంతెన

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, జవాబు కోసం ఆగాను.

మీరందరూ చెప్పినట్టే రాశాను. రిఫండ్ మాట ఎత్తలేదు. మూడు ప్రశ్నలే పెట్టాను: ప్రచురితమైన వ్యాసాలు ఏ నిబంధన కింద ఆపారు, నా సర్టిఫికేషన్ గడువుకు ఏం చేస్తారు, ఇక్కడున్నంత కాలం సీనియారిటీ తెగకుండా ఉంటుందా. మొదట రెడీ జవాబే వచ్చింది. డెస్క్ గారు చెప్పిన లైన్ పెట్టి మళ్లీ రాస్తే, పన్నెండో రోజు ఇంకో మనిషి సంతకంతో ఉత్తరం వచ్చింది.

జర్నల్ లైబ్రరీ తెరిచారు. నిన్న రాత్రి లాగిన్ అయితే ఆ ఒక్క బటన్ నీలంగా ఉంది. లైవ్ వెబినార్లు, మెంటార్ పథకం, ఉద్యోగాల పేజీ ఇవ్వలేమన్నారు. కారణం ఈసారి రెండు పేరాల్లో రాశారు. ఇవ్వలేమన్నా కారణం చదివాక మనసు కొంచెం కుదుటపడింది. సీనియారిటీ తెగదని రాసిచ్చారు. 18 గంటల్లో 6 గంటలు సొంతంగా చదివినదాని కింద చూపించుకోవచ్చట, వాళ్ల నియమాల్లో ఆ వీలు ముందునుంచీ ఉందట, నాకే తెలియదు. మిగతా 12 గంటలకు నేను ఈ దేశం వదిలాక ఆరు నెలల గడువు ఇచ్చారు.

ఇక్కడ మా సైట్‌లో ఒక ఇరానీ ఇంజనీర్ ఉంది, నాకంటే పదేళ్లు చిన్న. తను ఈ సంఘంలో చేరాలని మూడుసార్లు ప్రయత్నించి వదిలేసిందట. నేను ఏడాదికి వెళ్లిపోతాను, నా బటన్లన్నీ నీలమైపోతాయి. తను ఇక్కడే ఉంటుంది. తన దరఖాస్తు ఎక్కడ ఆగిందో స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నాను. నిబంధన గారూ, వచ్చాక మీకు పంపుతాను, ఒకసారి చూస్తారా?

నిబంధన

తప్పకుండా పంపండి. తను పనిచేసే సంస్థ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్నది కూడా కనుక్కుని రాయండి. ముందు అక్కడి నుంచి చూడాలి.